మన జీపు మనమే కడదాం

చెల్లాయిలూ, ఈసారి వంటలూ కుట్లూ కాసేపు పక్కన పెట్టి మీతో ఒక జీపు ముచ్చట చెప్పుకోవాలని ఉంది. కొనే జీపు గురించి కాదు. ప్లాస్టిక్ ఇటుకలతో భోజనాల బల్ల మీద మనమే కట్టుకుని, రిమోటుతో రాళ్ళూ గట్లూ ఎక్కించే జీపు గురించి. లెగో ఇటుకలంటే మీ అందరికీ తెలుసు. అందులోనే టెక్నిక్ అని ఒక రకం ఉంది. 1977 నుంచి వస్తోంది. గేర్లు, ఇరుసులు, కీళ్ళు, మోటార్లు అన్నీ ఉంటాయి. గోడలూ కిటికీలూ కట్టే ఇటుకల కంటే నాకు ఇవే ప్రాణం, ఎందుకంటే వీటితో కట్టిన బండి నిజం బండి నడిచినట్టే నడుస్తుంది.

ఏ బండి కట్టాలి అంటే నన్నడిగితే పాత మహీంద్రా జీపే. బానెట్టు కాస్త ఎత్తుగా, ముందు జాలీ నిలువు గాట్లతో చదునుగా, పైన తాటిపత్రి లాంటి గుడ్డ టాపుతో ఉండేది. మన ఊళ్ళలో అది ఎన్ని అవతారాలు ఎత్తిందో చూడండి. సమితి ఆఫీసు జీపు, పోలీసు జీపు, ఎన్నికలప్పుడు మైకు కట్టుకుని సందుసందూ తిరిగే జీపు. ఏజెన్సీలో అయితే సంతకెళ్ళే జనాన్ని వెనక నిలబెట్టుకుని మరీ ఘాట్ రోడ్డు ఎక్కేది. ఇప్పటికీ బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతానికి వెళ్ళాలంటే ఎక్కువమంది జీపే ఎక్కుతారు. రాళ్ళు తేలిన ఆ దారిలో డ్రైవరు తొందరపడడు. గేరు తగ్గించి, నింపాదిగా, ఒక్కో రాయి మీదకీ చక్రం పెట్టి దించుతాడు. ఆ నింపాదితనమే ఇవాళ్టి మన ముచ్చటకు ప్రాణం.

జీపు పుట్టుక కూడా రెండు మాటల్లో చెప్పేస్తాను. 1940లో అమెరికా సైన్యం తేలికపాటి ఫోర్ వీల్ డ్రైవ్ బండి కావాలని కంపెనీలను అడిగితే, పెన్సిల్వేనియాలోని బాంటమ్ అనే చిన్న కంపెనీ ముందుగా నమూనా చేసి ఇచ్చింది. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు దాని నక్షా గీశాడు. ఆ తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు యుద్ధం ముగిసేలోపు ఆ బండ్లను 6 లక్షలకు పైగా తయారుచేశాయి. మన దేశంలో 1947లో బొంబాయిలో మహీంద్రావాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1953లో కొత్త ఇంజను పట్టడం కోసం విల్లీస్‌వాళ్ళు బానెట్టు ఎత్తు పెంచి సీజే-3బి అనే మోడలు తెచ్చారు. మహీంద్రా లైసెన్సు తీసుకుని దశాబ్దాల పాటు తయారుచేసింది దాన్నే. మన కళ్ళలో నిలిచిపోయిన జీపు రూపం అదే.

ఇదంతా మీకే ఎందుకు చెబుతున్నానంటే, బొమ్మల కొట్టుకు వెళ్ళండి, గేర్లూ మోటార్లూ ఉన్న పెట్టెలన్నీ మగపిల్లల అరలోనే ఉంటాయి. ఆడపిల్లను అటు నడిపించేవాళ్ళు తక్కువ. మేనల్లుడి పుట్టినరోజుకు మనమే ఆ పెట్టె కొని, రంగు కాగితం చుట్టి ఇచ్చి వస్తాం. లోపల ఏముందో ఒక్కసారి విప్పి చూడాలని మనకు తోచదు. కుట్టుమిషనులో షటిల్ ఎందుకు ఇరుక్కుందో, మిక్సీలో కప్లర్ ఎందుకు అరిగిందో మనకు తెలుసు. అలాంటి చేతులకు గేర్లు కొత్తేమీ కావు. ఎత్తు ఎక్కే బండి లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవడం మన హక్కు కూడా. మీరు కడితే మీ పాప పక్కన కూర్చుని చూస్తుంది. పాప కడితే మీరు పక్కన కూర్చోండి. ఏదైనా మంచిదే.

సరే, పనిలోకి వద్దాం. ముందు బాడీ గురించి ఆలోచించకండి. ముందు టైరు. లెగోలో టైర్లు కొన్ని కొలతల్లోనే దొరుకుతాయి, మనకు కావలసిన కొలతలో చేయించుకోలేం. అందుకని టైరును బట్టి బండి కొలత తీసుకోవాలి. అసలు జీపు టైరు ఎత్తు సుమారు 28 అంగుళాలు. టెక్నిక్ బండ్లలో తరచూ వచ్చే ఒక టైరు వ్యాసం 81.6 మిల్లీమీటర్లు. అంటే మన బొమ్మ అసలు జీపులో దాదాపు 8.7వ వంతు. జీపు ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 80 అంగుళాలు. దాన్ని 8.7తో భాగిస్తే 233 మిల్లీమీటర్లు వస్తుంది. లెగోలో ఒక బొడిపెకూ పక్క బొడిపెకూ మధ్య 8 మిల్లీమీటర్లు కాబట్టి అది దాదాపు 29 బొడిపెల దూరం. ఇదే లెక్క 62.4 మిల్లీమీటర్ల చిన్న టైరుతో వేస్తే 22 బొడిపెలే వస్తుంది. బండి ముద్దుగా ఉంటుంది గానీ మోటార్లూ బాటరీ పెట్టె ఇమడవు. మొదటి బండికి పెద్ద టైరే తీసుకోండి.

ఇక గేర్లు. ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే బండి ఎక్కుతుందా జారుతుందా అనేది ఇక్కడే తేలిపోతుంది. 8 పళ్ళ చిన్న గేరు ఒకటి, 24 పళ్ళ పెద్ద గేరు ఒకటి తీసుకోండి. రెండింటినీ ఒక బీము మీద పక్కపక్కన ఇరుసులకు గుచ్చి, చిన్నదాని ఇరుసును వేళ్ళతో తిప్పండి. మీరు మూడు చుట్లు తిప్పితే పెద్దది ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు పెద్దదాని ఇరుసును రెండో చేత్తో గట్టిగా పట్టుకుని, చిన్నదాన్ని తిప్పి చూడండి. రెండు వేళ్ళ బలానికి మీ పిడికిలి తిరిగిపోతుంది. వేగం మూడో వంతుకు తగ్గింది, బలం మూడింతలయింది. రాపిడికి కొంత పోతుంది, అది వేరే సంగతి. ఫోర్ వీల్ జీపులో లో గేరు చేసే పని ఇంతే. విల్లీస్ సీజే బండి మొదటి గేరులో, లో రేంజిలో ఉన్నప్పుడు ఇంజను సుమారు 37 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరిగేది. ఏజెన్సీ డ్రైవరు నింపాదిగా పోవడానికి కారణం అది. నెమ్మదే అక్కడ బలం.

మన బొమ్మకు అంత అక్కర్లేదు. లెగో మోటార్లలో ఎక్స్‌ఎల్ అనేది నెమ్మదైనదీ బలమైనదీ. బరువేమీ లేనప్పుడు నిమిషానికి సుమారు 220 చుట్లు తిరుగుతుంది. దానికి 8-24 గేర్ల జతలు రెండు ఒకదాని తర్వాత ఒకటి వేస్తే తొమ్మిదింతలు తగ్గి, చక్రం నిమిషానికి 24 చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత పావు మీటరు కాబట్టి బండి నిమిషానికి ఆరు మీటర్లు పోతుంది. బరువు పడ్డాక ఇంకా తగ్గుతుంది. చూసేవాళ్ళు “ఇదేంటి, ఇంత నత్తనడకా” అంటారు. అననివ్వండి. ఒక జత తీసేస్తే మూడింతల వేగం వస్తుంది, హాల్లో నేల మీద పరుగులు పెడుతుంది. గడప అడ్డొస్తే మాత్రం అక్కడే ఆగి గుర్రుమంటుంది.

ఇందులోనే ఇంకో సూక్ష్మం ఉంది. ఆ తగ్గింపు ఎక్కడ పెట్టాలి? చాలామంది మోటారు పక్కనే పెట్టేస్తారు. అప్పుడు తొమ్మిదింతల బలం అక్కడే పుట్టి, పొడుగాటి ప్లాస్టిక్ ఇరుసుల గుండా, క్రాస్ జాయింట్ల గుండా చక్రం దాకా ప్రయాణం చేయాలి. ఇరుసు తడి చీర పిండినట్టు మెలి తిరుగుతుంది. జాయింటు పుటుక్కున విరుగుతుంది. 12 పళ్ళ బెవెల్ గేర్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి టకటకా జారుతాయి. అదే తగ్గింపులో ఒక జతనైనా చక్రం పక్కనే పెట్టారనుకోండి, మధ్య దారంతా తేలిక బలమే ప్రయాణిస్తుంది, చివర చక్రం దగ్గర అది మూడింతలవుతుంది. చక్రం పక్కన ఈ గేర్ల జతను నిలువుగా అమరిస్తే దాన్ని పోర్టల్ ఇరుసు అంటారు. చిన్న గేరు పైన, పెద్ద గేరు కింద. దాంతో ఇరుసు కూడా నేలకు ఎత్తుగా లేస్తుంది, రాళ్ళు తగలవు. నిజం బండ్లలో జర్మనీ ఉనిమోగ్‌కు ఈ ఏర్పాటే పేరు తెచ్చింది. 2011లో లెగో తెచ్చిన 2048 ముక్కల ఉనిమోగ్‌లో కూడా ఇదే ఉంది. అసలు మహీంద్రా జీపుకు పోర్టల్ ఇరుసులు లేవు నిజమే. బొమ్మకు మాత్రం నేను పెట్టమనే అంటాను. రూపం అసలుదానిలా ఉండాలి, ఎక్కడం మాత్రం బాగా ఎక్కాలి.

ఇప్పుడు డిఫరెన్షియల్. మెకానిక్ షాపులో క్రౌను, పినియను అని వినే ఉంటారు, వాటితో ఉండే పెట్టె ఇదే. లెగో డిఫరెన్షియల్‌ను అరచేతిలో పెట్టుకుని రెండు పక్కలా చెరో చక్రం గుచ్చండి. మధ్య డబ్బాను తిప్పితే రెండు చక్రాలూ తిరుగుతాయి. ఒక చక్రాన్ని వేలితో ఆపండి. రెండోది రెట్టింపు వేగంతో గిర్రున తిరుగుతుంది. మలుపులో బయటి చక్రం లోపలి దానికంటే ఎక్కువ దూరం పోవాలి కాబట్టి ఈ ఏర్పాటు. రోడ్డు మీద ఇది వరం. రాళ్ళ మీద మాత్రం శాపం. ఎందుకో ఆలోచించండి. ఒక చక్రం గాల్లోకి లేచిందనుకోండి, దాన్ని తిప్పడానికి బలమే అక్కర్లేదు. డిఫరెన్షియల్ రెండు పక్కలా సమానంగా బలం ఇస్తుంది కాబట్టి నేల మీదున్న చక్రానికి కూడా అంతే తక్కువ బలం వెళుతుంది. గాల్లో చక్రం గిరగిరా తిరుగుతుంటే కింద చక్రం కదలదు. వానాకాలంలో బురదలో దిగబడ్డ బండిని ఎప్పుడైనా చూసి ఉంటే ఒక చక్రమే తిరుగుతూ బురద చిమ్మడం గుర్తుండే ఉంటుంది. కారణం ఇదే.

అందుకని రాళ్ళెక్కే బొమ్మ కట్టేవాళ్ళు చాలామంది డిఫరెన్షియల్ తీసేసి, రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు బిగించేస్తారు. ఎక్కడంలో దానికి తిరుగులేదు. మలుపు మాత్రం కష్టమవుతుంది. టైర్లు నేలను రాసుకుంటూ తిరుగుతాయి, గేర్ల మీద ఒత్తిడి పడుతుంది. నా మాటైతే ముందు ఇరుసుకు డిఫరెన్షియల్ ఉంచి, వెనకది బిగించేయండి. తిరగడానికి ముందు భాగం సాయపడుతుంది, ఎక్కడానికి వెనక భాగం. ముందుకూ వెనక్కూ మధ్య మాత్రం డిఫరెన్షియల్ వద్దు. అసలు జీపుకూ మధ్యలో లేదు. ఫోర్ వీల్ వేయగానే ముందు వెనక ఇరుసులు ఒకదానికొకటి కట్టేసినట్టే తిరిగేవి.

నాలుగు చక్రాలూ నేలను వదలకుండా ఉండాలి కదా, దానికి అసలు జీపులో కమాను పట్టీలు ఉండేవి. లెగోలో కమానులు చేయడం కష్టం, కానీ తేలికైన దారి ఒకటి ఉంది. ఇరుసు మొత్తాన్ని చాసిస్‌కు ఒక్క చోట, సరిగ్గా మధ్యలో వేలాడదీయండి. ఒక పక్క చక్రం రాయి ఎక్కితే రెండో పక్క దిగుతుంది. ఇరుసు అటూ ఇటూ ఊగినా చాసిస్ నిలకడగా ఉంటుంది. మోటారు నుంచి వచ్చే షాఫ్టును ఆ ఊగే కీలు మధ్యలోంచే పంపితే ఎంత ఊగినా షాఫ్టు పొడవు మారదు, క్రాస్ జాయింటు కూడా అక్కర్లేదు. మొదటి బండికి ఇంతకంటే హాయైన పద్ధతి లేదు. పైన రెండు పక్కలా రెండు చిన్న స్ప్రింగులు పెడితే బండి ఒకవైపు ఒరిగి నిలబడదు. స్టీరింగు మోటారును మాత్రం చాసిస్ మీద కాకుండా ముందు ఇరుసు మీదే కూర్చోబెట్టండి. ఇరుసుతో పాటే అదీ ఊగుతుంది, లింకులు ఇరుక్కోవు. పైగా ఆ బరువు ముందుండటం వల్ల ఎత్తెక్కేటప్పుడు బండి వెనక్కి పల్టీ కొట్టదు. సర్వో మోటారు దొరికితే అదే వాడండి, మీట వదలగానే చక్రాలు తిన్నగా వచ్చేస్తాయి.

చాసిస్ నడిచాకే బాడీ. ఇక్కడ నాకు ఇష్టమైన పని ముందు జాలీ. సీజే జీపుకు జాలీలో ఏడు నిలువు గాట్లు ఉంటాయి, యుద్ధకాలపు జీపుకు తొమ్మిది. మనం ఏడే పెట్టాలి. లెగో పలక మందం 3.2 మిల్లీమీటర్లు. ఐదు పలకలు పేర్చితే 16 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా రెండు బొడిపెల వెడల్పు. ఆకుపచ్చ పలకలు ఎనిమిది, నల్ల పలకలు ఏడు మార్చి మార్చి పేర్చి, ఆ దొంతరను పక్కకు పడుకోబెట్టండి. పదిహేను పలకలు, 48 మిల్లీమీటర్లు, ఆరు బొడిపెల వెడల్పులో కుదురుగా కూర్చుంటుంది. నల్లవన్నీ గాట్లు, పచ్చవన్నీ కడ్డీలు. అటూ ఇటూ తెల్లటి గుండ్రటి ముక్కలతో రెండు దీపాలు పెట్టగానే మన జీపు మనవైపు చూస్తుంది. బానెట్టును మడ్‌గార్డుల కంటే బాగా ఎత్తుగా ఉంచడం మరవకండి. ఆ ఎత్తు తగ్గితే అది వేరే ఏదో జీపు అయిపోతుంది. టాపుకు ముక్కలు వాడొద్దు. ఇంట్లో పాత కాన్వాసు సంచి ఉంటే కత్తిరించి అంచులు మడిచి కుట్టండి. బాడీ ఎంత తేలికైతే అంత మంచిది, పై బరువు పెరిగితే పక్క వాలులో ఒరిగిపోతుంది.

ఖర్చు సంగతి దాచను, ఇది ఖరీదైన ముచ్చటే. బయటి దేశాల బొమ్మల మీద మన దేశంలో కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. అందుకని ఒక్కసారిగా అన్నీ కొనకండి. ముందు ముక్కలేవీ కొనకుండానే కంప్యూటరు మీద కట్టి చూడొచ్చు. బ్రిక్‌లింక్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. కట్టాక ఏ ముక్క ఎన్ని కావాలో అదే జాబితా ఇస్తుంది. లేదంటే ఒక వాడిన పెట్టె వెతకండి. 2019లో వచ్చిన టెక్నిక్ 4x4 ఎక్స్‌ట్రీమ్ ఆఫ్ రోడర్‌లో 958 ముక్కలు, రెండు ఎక్స్‌ఎల్ మోటార్లు, ఒక ఎల్ మోటారు ఉన్నాయి. చక్రాల్లోనే గేర్లతో వేగం తగ్గించే హబ్బులు కూడా ఉన్నాయి, పోర్టల్ కట్టే శ్రమ తప్పుతుంది. పెద్ద పేరున్నదని లాండ్ రోవర్ క్లాసిక్ డిఫెండర్ పెట్టె కొనేరు. 2336 ముక్కల ఆ బండి చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది గానీ అందులో మోటార్లు లేవు. నలుగురు అక్కచెల్లెళ్ళు కలిసి ఒక పెట్టె కొని, సెలవుల్లో ఒకరింట్లో చేరి కట్టుకుంటే ఖర్చూ పంచుకోవచ్చు, కబుర్లూ చెప్పుకోవచ్చు.

రిమోటులో రెండు రకాలు. 2007 నుంచి వచ్చిన పాత పవర్ ఫంక్షన్స్ రిమోటు టీవీ రిమోటులాగే పనిచేస్తుంది. పిల్లల చేతికి ఫోను ఇవ్వక్కర్లేదు. ఎండలో మాత్రం సరిగా అందుకోదు, ఎదురుగా ఉండి తిప్పాలి. కొత్తగా వచ్చిన బ్లూటూత్ హబ్బు ఎండలోనూ పనిచేస్తుంది, కానీ ఆ పెట్టెలకు ఫోనులో యాప్ కావాలి. పెరట్లోనూ మేడమీదా నడపాలనుకుంటే బ్లూటూత్ మేలు. బాటరీల మాటొకటి. రెండు రకాల పెట్టెల్లోనూ ఆరు పెన్సిల్ సెల్లులే. మామూలు సెల్లు ఒక్కొక్కటీ 1.5 వోల్టులు, ఆరు కలిపితే 9. చార్జింగు సెల్లు 1.2 వోల్టులే, ఆరు కలిపితే 7.2. వేగం కాస్త తగ్గుతుంది, కానీ రాళ్ళ బండికి వేగంతో పనేముంది? రోజూ సెల్లులు కొని పారేయడం కంటే చార్జింగువే నయం.

కట్టాక పరీక్ష ఇలా పెట్టండి. మీటరు పొడవున్న చెక్క ఒకటి తీసుకుని, ఒక చివర నేల మీద, రెండో చివర అరమీటరు ఎత్తులో పుస్తకాల దొంతర మీద పెట్టండి. అది సరిగ్గా 30 డిగ్రీల వాలు. నున్నటి చెక్క మీద టైరు జారితే గరుకు చాప ఒకటి పరవండి, బలం ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది. బండి ఆగిపోతే చెవి పెట్టి వినండి. మోటారు మూలుగుతూ ఆగిపోతే తగ్గింపు చాలలేదు. టకటకమంటే ఎక్కడో గేరు పక్కకు జరిగింది, దాని రెండు వైపులా బీముతో బిగించండి. చప్పుడే లేకుండా టైర్లు తిరుగుతున్నాయంటే లోపం పట్టులో ఉంది, బాటరీ పెట్టెను రెండు బొడిపెలు ముందుకు జరిపి మళ్ళీ ఎక్కించండి.